రామాంజనేయులు సార్ ఎర్ర బాణాలు

పుప్పాలగూడలో అద్దాల అపార్టుమెంట్ల వెనక ఒక రేకుల షెడ్డుంది. అందులోని తనిఖీ గది పక్కన రాత్రిపూట కుక్క కూడా పడుకోదంటారు.

అక్కడ సర్క్యూట్ బోర్డులు చేస్తారు. వెనకటి రేడియో విప్పితే చిక్కుపడ్డ జుట్టులా తీగలుండేవి. ఇప్పుడు రాగిరేకు అతికించిన పలకను మందునీళ్లలో ముంచితే, అక్కర్లేని రాగి కరిగి వెంట్రుకంత గీతలు మిగులుతాయి. ఒక్క గీత తెగినా బోర్డు చచ్చినట్టే. తెగినచోట ఎర్ర బాణం కాగితం అంటిస్తారు. బాగయ్యాకే అది తీసి పచ్చ బిళ్ల వేస్తారు. ఇరవై ఏళ్లు ఆ పని చేసిన అనంతపురం రామాంజనేయులు, కిందటేడు చేతిలో భూతద్దంతోనే పోయాడు.

అయినా... పొద్దున తాళం తీస్తే బోర్డుల మీద కొత్త బాణాలు.

ముగ్గురు వాచ్‌మన్లు పారిపోయారు. నాలుగోవాడు వీరేశం.

"నువ్వూ పారిపోతే ఇంక పని లేదప్పా," అన్నాడు యజమాని గిరీష్.

"నాకేం ఫికర్ లేదు సార్."

ఛాతీ అప్పుడప్పుడు పట్టేస్తున్న సంగతి దాచాడు. గుండెజబ్బు మనిషిని కాపలాకెవరు పెట్టుకుంటారు? అదే షెడ్డులో బోర్డులు కడిగే భార్య నాగమణి అడిగితే, గ్యాసేనని వాము నమిలేవాడు.

డ్యూటీకెక్కిన రాత్రే రెండింటికి తనిఖీ గదిలో లైటు వెలిగింది. కుర్చీ జరిగింది... అడుగులు దగ్గరకొచ్చాయి. ఉరుకుదామని లేచాడు — నౌకరీ గుర్తొచ్చి మళ్లీ కూలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. ఛాతీ మీద చల్లగా ఏదో గాజు ఆనింది.

"కదలొద్దప్పా... చూడనీ."

తెల్లారి చూస్తే, చొక్కా మీద ఎడమవైపు ఎర్ర బాణం. వీరేశం పీకబోతే నాగమణి చెయ్యి పట్టుకుంది.

"రిపేరు కాకుండ తీస్తరా? నడువు దవాఖానకు."

డాక్టర్ హర్షిణి పరీక్షలన్నీ చేసి బాణం వైపు చూసింది. "రక్తనాళం సరిగ్గా ఇక్కడే పూడింది. ముందు ఏ డాక్టర్ చూశారు?"

"మా రామాంజనేయులు సార్."

"ఎక్కడ పనిచేస్తారు?"

నాగమణి బాణం ఊడకుండా వేలితో అదిమింది. "ఇప్పుడు ఎక్కడా చేస్తలేడమ్మా."

స్టెంటు వేశారు. నెలకు వీరేశం డ్యూటీకొచ్చాడు.

"గుండె మనిషితో కాపలా ఏంది? ఈ రాత్రికి ఉండు, రేపు వేరేవాణ్ని పెడతా," అన్నాడు గిరీష్. పని ఎక్కువై ఆ రాత్రి తనూ షెడ్డులోనే పడుకున్నాడు.

పొద్దున వీరేశం ఛాతీ మీద... పచ్చ బిళ్ల.

పచ్చ బిళ్ల పడ్డదాన్ని వెనక్కి పంపే అలవాటు ఆ షెడ్డులో లేదు. గిరీష్ గేటు తాళాలు వీరేశానికిచ్చి తిరిగాడు.

"సార్... జర ఆగుండ్రి," అంది నాగమణి మెల్లగా.

గిరీష్ బట్టతల నడిమధ్యన — ఎర్ర బాణం.