ఖాళీగా ఉంచమన్న కుర్చీ

చీకటి పడితే ఆ ప్రార్థన హాలు మెట్ల మీద ఎవరూ కాలు పెట్టరు. మెట్ల మీద ఎవరో దగ్గుతారట... పేరు పెట్టి కాదు, చేసే పని పెట్టి పిలుస్తారట. పలికితే ఇక అంతేనట.

ఆ హాలుకు ఒక గురువుగారు ఉండేవారు. "నెల రోజుల్లో వస్తాను. అంతవరకు నా కుర్చీ ఖాళీగా ఉంచండి" అని చేతిసంచితో బయల్దేరారు. నెల కాస్తా నాలుగు నెలలైంది. కబురూ లేదు, కాకరకాయా లేదు. జనం పలచబడ్డారు. ఖాళీ కుర్చీకి ఎన్నాళ్ళని దండం పెడతారు?

ఐదో నెలలో హాలు పెద్దలు దర్జీని పిలిచారు. గురువుగారి చొక్కాలన్నీ కుట్టింది అతనే, కొలతల పుస్తకం ఉండనే ఉంది. చొక్కాలో దూది కూరి, మైనంతో మొహం చేయించి, బొమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు.

ఒకటే తేడా. గురువుగారి ఎడమ భుజం అంగుళం కిందికి ఉండేది. బొమ్మకు దర్జీ రెండూ సమానంగా కుట్టాడు. మనిషికన్నా బొమ్మే బాగుందన్నారు జనం. హాలు మళ్ళీ కిటకిటలాడింది.

దర్జీకి మొదట్లో నవ్వొచ్చింది. కానీ ఇంట్లో భార్య ఉంది. కూతురు పోయినప్పుడు ఆవిడ గురువుగారి కాళ్ళు పట్టుకుని, "మా పిల్ల తిరిగొస్తుందా అయ్యా?" అని అడిగింది. "రాదమ్మా" అన్నారాయన. ఆ రోజే మంచం పట్టింది. ఇప్పుడు అదే మాట బొమ్మనడిగింది. బొమ్మ కాదనలేదు. మర్నాడు ఆవిడ లేచి పొయ్యి వెలిగించింది. ఆ తర్వాత దర్జీ నవ్వలేదు.

బొమ్మ దూది కుంగుతుంటుంది. అది జనం కంట పడకూడదని మరమ్మతు రాత్రిపూటే. ఆ రాత్రి లాంతరు పట్టుకోవడానికి భార్య కూడా వచ్చింది. దర్జీ సూదిలో దారం ఎక్కిస్తున్నాడు...

బయట దగ్గు.

భార్యను లోపలే ఉండమని, ఒక్కడే మెట్ల మీదికొచ్చాడు. కటిక చీకటి.

"దర్జీ..." గుసగుసగా వినిపించింది.

కాలు తడబడి ముందుకు తూలాడు. పట్టు కోసం చాచిన చేతులు రెండు భుజాల మీద పడ్డాయి. బక్కచిక్కిన భుజాలు... ఎడమది అంగుళం కిందికి. కళ్ళు పొరబడినా దర్జీ వేళ్ళు పొరబడవు.

"అయ్యా... మీరా?"

"జబ్బుపడ్డాను నాయనా. నడిచి వచ్చేసరికి ఇన్నాళ్ళు పట్టింది. పగలు లోపలికి వస్తుంటే బిచ్చగాడినని గెంటేశారు. మూడు రాత్రులుగా ఇక్కడే ఉన్నాను..." మళ్ళీ దగ్గు. "నా కుర్చీలో ఎవరు?"

దర్జీ తలుపు వైపు చూశాడు.

"నువ్వైనా చెప్పు వాళ్ళకి. నేనేనని."

లోపల భార్య బొమ్మతో మాట్లాడుతోంది. పిల్ల వచ్చేసరికి పొడుగవుతుంది కదా, గౌను కాస్త వదులుగా కుట్టించనా అని అడుగుతోంది. ఎన్నాళ్ళకో విన్న నవ్వు ఆ గొంతులో. అంతలో మాట ఆపి, "ఎవరండీ అక్కడ?" అంది.

దర్జీ చేతులు ఇంకా ఆ భుజాల మీదే ఉన్నాయి. తీసేశాడు.

"దెయ్యం" అన్నాడు. "బయటికి రాకు. తలుపేసెయ్."

ముసలాయన తిట్టలేదు. "అలాగే నాయనా" అని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయాడు.

తెల్లారి పెద్దలు అడిగితే, దెయ్యాన్ని చూశానని బొమ్మ ముందే ఒట్టేసి చెప్పాడు దర్జీ. ఆ మెట్లకు చెడ్డపేరు అలా వచ్చింది.

ఇప్పటికీ బొమ్మకు దూది కూరేది అతనే. పని అయ్యాక మెట్ల మీద కూర్చుని, తెల్లారేదాకా చెవులు రిక్కించి వింటాడు. ఊరంతా విన్నామనే ఆ దగ్గు... అతనికి ఒక్క రాత్రీ వినిపించలేదు.