సమోవర్ పక్కన చోటు

ఆ ఉదయం బురుల్ లేచేసరికే పాలు పితకడం అయిపోయింది. టీ నీళ్లు మరిగే ఇత్తడి సమోవర్ పక్కన తోడికోడలు మీరిమ్ కూర్చుని అందరికీ టీ పోస్తోంది. పన్నెండేళ్లుగా ఆ చోటు పెద్దకోడలు బురుల్‌ది.

"నువ్విలా కూర్చోమ్మా, మీగడ వేసుకుని తిను," అంది అత్తగారు తుర్సున్.

"నేనేం చుట్టాన్నా అత్తయ్యా?"

అత్తగారు మీగడ గిన్నె ఆమె ముందుకి జరిపింది. రొమ్ములో గడ్డ తగిలిందని బురుల్ రాజధాని బిష్కెక్ వెళ్లి పరీక్షలు చేయించుకుంది. ఫలితాలకి మాత్రం పోయిన వారం మొగుడు ఎర్మెక్ ఒక్కడే వెళ్లొచ్చాడు. "చలికి గడ్డకట్టిందంతే, మందులకి తగ్గిపోతుంది," అన్నాడు. ఆమె నమ్మింది. ఆ రోజు నుంచే ఆవులు మీరిమ్‌కి, పిండిగది తాళం మీరిమ్‌కి. నిన్న వంటింట్లో అత్తగారు చిన్నకోడల్ని దగ్గరికి తీసుకుని గుసగుసలాడుతోంది. బురుల్‌ని చూడగానే ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు.

"లే అక్కణ్ణించి!" అంది బురుల్. "అత్తయ్యకి ఏం మందు పెట్టావే? నన్ను బతికుండగానే పక్కకి నెట్టేస్తున్నావు!"

మీరిమ్ చటుక్కున లేచి నిలబడింది. "అంత మాటనకక్కా! అసలు సంగతి..."

"చెప్పకే!" అరిచింది తుర్సున్.

రోగం పేరు రోగికి తప్ప ఊరందరికీ చెప్పే అలవాటు వాళ్లది. కానీ మీరిమ్ ఆగలేదు. బొంతల దొంతరలోంచి ఆస్పత్రి కవరు లాగింది.

"మామోగ్రామ్‌లో సరిగ్గా కనబడలేదక్కా. తర్వాత తీసిన స్కానింగ్‌లో అనుమానం వచ్చింది. బోర్లా పడుకోబెట్టి ఎమ్మారై తీశారే, అందులో గడ్డ ఎంతుందో తేలింది. సూదితో తీసిన ముక్కలో కాన్సరని తెలిసింది. తొందరగా పాకే రకమట. సోమవారం నుంచి నువ్వు ఆస్పత్రిలో ఉండాలి. అందుకే నీ పనులన్నీ నేర్చుకుంటున్నాను."

బురుల్ కవర్లోని ఎమ్మారై ఫిల్మును కిటికీ వెలుగులో పెట్టి చూసింది. నల్లటి దాంట్లో చిక్కుడుగింజంత తెల్లమచ్చ. భయం కంటే ముందు నోట్లోంచి వచ్చింది ఉక్రోషమే.

"అంటే వారం రోజులుగా మీరంతా కలిసి ఏడుస్తున్నారన్నమాట. రోగం నాది! నన్నొక్కదాన్నే బయటుంచి ఏడుస్తారా?"

టీకి కూర్చున్న ఎర్మెక్ తల దించుకున్నాడు. తుర్సున్ లేచి వచ్చి కోడల్ని గట్టిగా పట్టుకుంది. "తప్పయిపోయింది తల్లీ. తెలిస్తే బెంగతో చిక్కిపోతావని భయపడ్డాను."

"చిక్కిపోనీ అత్తయ్యా. నాకు తెలియకుండా ఇంకేదీ చెయ్యకండి."

మీరిమ్ కూడా వచ్చి వాళ్లిద్దరి మీద వాలిపోయింది. నలుగురూ ఏడ్చారు. పెద్దకోడలు కదా, అందరికంటే గట్టిగా బురులే ఏడ్చింది.