పదకొండు పిలుపులు

ఆదివారం పాలిష్ ఫ్యాక్టరీకి సెలవు. ఓబుళేశు ఒక చేత్తో టీ గ్లాసు, మరో చేత్తో ఫోన్ పట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. ఆ ఫోన్‌లో కూతురు తప్ప ఇంకేమీ లేదు. హర్షిణి బోర్లా పడింది, పాకింది, దిండు ఆసరా లేకుండా కూర్చుంది, పదకొండో నెలలో గోడ వదిలి నాలుగు అడుగులు వేసింది. అన్నిటికీ వీడియోలున్నాయి. ఇప్పుడు దానికి ఏడాదిన్నర. ఫ్యాక్టరీలో అతను ఫోన్ తీస్తే చాలు, నాపరాళ్లు కోసేవాళ్లంతా ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతారు.

"మా పిల్లకు శానా గుండె ధైర్యమప్పా," అని వాళ్లను వదలకుండా చెబుతాడు. "మధ్యాన్నం గనుల్లో రాయి పేలితే ఊర్లో కుక్కలన్నీ పరిగెత్తుతాయి. ఇది నిద్రలో కదలను గూడా కదలదు."

మాటలు ఒక్కటే ఇంకా రాలేదు. దానికి అతని తల్లి గురమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మూడో ఏట అహోబిలంలో పుట్టువెంట్రుకలు ఇస్తానని ఆమె మొక్కుకుంది. దేవుడికి తలనీలాలు ఇచ్చాకే పిల్ల నోరు తెరుస్తుందని, అంతదాకా ఏ డాక్టరుకూ చూపించకూడదని పట్టుబట్టి కూర్చుంది.

ఓబుళేశు దిగులు పిల్ల గురించి కాదు, భార్య గురించి. వారం రోజులుగా నాగలత మనిషి మనిషిలా లేదు. బుధవారం అన్నానికి వచ్చేసరికి పిల్ల వెనకాల ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. అతన్ని చూడగానే తడబడి పక్కకు తప్పుకుంది. శుక్రవారం పిల్ల వీపు వెనక నుంచి ఒక్కొక్క గిన్నెనే నేలకు జారవిడవడం కళ్లారా చూశాడు. అడిగితే ఏమీ లేదంది. "దానికేదో గాలి సోకినట్టుండాది, పిల్లను దాని కాడ ఒంటరిగా ఇడవొద్దు," అని గురమ్మ కొడుకు చెవిలో వేసింది. అప్పటినుంచి మిషన్ ముందు నిలబడినా అతని మనసు ఇంటి దగ్గరే ఉంటోంది.

టీ అయిపోయింది. లోపల ఎందుకో చప్పుడే లేదు. పొద్దున పూట ఆడవాళ్లు తిరిగే ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండకూడదు. అతను లేచి గడపలోకి వచ్చాడు.

హర్షిణి నేల మీద కూర్చుని డబ్బాల మూతలు ఒకదానిపై ఒకటి పేర్చుకుంటోంది. దాని వెనకాల నాగలత నిలబడి ఉంది. రెండు చేతులతో రోకలి ఎత్తి పట్టుకుంది.

ఓబుళేశు కదిలేలోపే రోకలి దిగింది. పిల్ల పక్కన బోర్లించిన స్టీలు బిందె మీద పడి ఇల్లంతా ఖంగుమంది. పెరట్లో ఉన్న గురమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తాండావే నువ్వు!" అతను రోకలి లాక్కుని మూలకు విసిరాడు. "పిల్లను సంపుతావా?"

"చెప్తి గదరా! పిల్లను ఇట్ల ఇయ్యి," అంది గురమ్మ.

నాగలత ఏడవడం లేదు. అదే అతన్ని ఇంకా భయపెట్టింది. "పిల్లను చూడు," అంది.

హర్షిణి ఐదో మూత పేరుస్తోంది. ఇంత రభసలోనూ తలెత్తలేదు. ఓబుళేశు నీడ మూతల మీద పడ్డాక మాత్రం పైకి చూసి, ఉన్న పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

"దానికి వినపడదు," అంది నాగలత.

"తల తిరిగిందా నీకు? నా బండి ఆగితే వాకిట్లోకి పరిగెత్తుకొస్తాదే!"

"నేను భుజం తట్టి చెయ్యి చూపిస్తే వస్తాది. నీ ఫోన్ తియ్యి. నడిచిన వీడియో పెట్టు. ఈసారి చూడొద్దు, కండ్లు మూసుకుని ఇను."

అతను కోపంగానే పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. ఫోన్‌లోంచి తన గొంతే వినిపించింది. "హర్షీ... ఇట్ల సూడు తల్లీ... హర్షమ్మా... ఓ బంగారూ..." పిలుస్తూనే ఉన్నాడు. గొంతు పెద్దదవుతోంది.

"పదకొండు సార్లు," అంది నాగలత. "నేను లెక్కపెట్టినా. పన్నెండోసారి నువ్వు పిలవల్య, తువ్వాలు ఊపినావు. అప్పుడు తిరిగింది. అన్ని వీడియోల్లో అంతే."

తన కూతురు చేసిన ప్రతి ఘనకార్యంలోనూ ఆ పిలుపులు ఉన్నాయి. తీసినవాడు, పదిమందికి చూపించినవాడు, ఒక్కసారీ వినలేదు. ఓబుళేశు వీడియో ఆపేశాడు.

"కర్నూలుకు తీసుకుపోదాం," అంది నాగలత. "ఇప్పుడైతే చెవికి మిషన్ పెట్టి మాటలు నేర్పొచ్చునని టీకాలేసే ఏఎన్‌ఎమ్ అక్క చెప్పింది. మొక్కు తీరేదాకా ఆగితే శానా కష్టమంట."

ఓబుళేశు తల్లి వైపు తిరిగాడు. అరవాల్సిన మనిషి అరవడం లేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"అమ్మా, నీకు తెలుసా?"

గురమ్మ మెల్లగా నేల మీద కూలబడింది. "పిల్లకు తొమ్మిదో నెలప్పుడే నాకు తెలుసు."

"తెలిసి ఎందుకు దాచినావు?"

"నీకంటే ముందు ఒకతి ఉండె గదరా, శివజ్యోతి."

అక్క ఒకతి ఉండేదని, నాలుగేళ్లకే జ్వరంతో పోయిందని మాత్రమే అతనికి తెలుసు. అంతకు మించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

"అదీ ఇట్లే, నీడ పడితేనే తిరిగేది. పిలిస్తే పలికేది కాదు. పొగరనుకున్యా. చేలో కూలిపని చేసి, అలిసిపోయి ఇంటికొచ్చి, పిలిచి పిలిచి... కొట్టేదాన్నిరా. ఎందుకు కొడతాండానో తెలీక నా మొగం దిక్కు చూసేది." ఆమె హర్షిణి వైపు చూసింది. "ఈ పిల్లకు వినపడదని ఒప్పుకుంటే, శివజ్యోతికీ వినపడలేదనే గదా. దాన్ని నేను ఊరికే కొట్టినట్టే గదా."

నాగలతకు అత్త మీద ఉన్న కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. వెళ్లి పక్కన కూర్చుంది. "అత్తా, అప్పుడు నీకు చెప్పేవాళ్లు లేరు," అంది. అప్పుడు గురమ్మ ఏడ్చింది, ముప్పై ఏళ్లుగా దాచిందంతా కలిపి.

ఓబుళేశు కూడా ఏడుస్తూనే కూతురి వైపు అడుగు వేశాడు. అలవాటు కొద్దీ వెనక నుంచే, "హర్షీ," అన్నాడు.

"ఎనకనుంచి పిలవొద్దురా," అంది గురమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఇంక ఈ ఇంట్లో ఎవురూ దాన్ని ఎనకనుంచి పిలవొద్దు. ముందుకు పోయి పిలువు."

అతను చుట్టూ తిరిగి వెళ్లి, కూతురి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.