నల్ల ఊక

తెల్లవారేసరికి సోఖోం తూటికూర పులుసు పొయ్యి మీంచి దించి, గిన్నెలతో వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుంది. భిక్షువు వచ్చి నిలబడ్డాడు. అన్నం, పులుసు సమర్పించి, నేలకు తల ఆనించి, రోజూ కోరుకునేదే కోరుకుంది. మనవరాలు లీదా అరచేతులు వాళ్ళ తాత అరచేతుల్లా కాకూడదు.

ఆయన అరచేతుల్లో మొదట జొన్నగింజలంత కాయలు లేచాయి. తర్వాత అవి పుళ్ళయ్యాయి. ఆఖరి రోజుల్లో చెంచా పట్టుకోవడం కూడా చేతకాలేదు. పెరట్లో బోరింగు నీళ్ళలో ఆర్సెనిక్ ఉందని ఆయన పోయాకే తెలిసింది. ఎవరో వచ్చి పంపుకు ఎర్రరంగు పూసి వెళ్ళారు. ఎండాకాలంలో బానల్లో వాననీళ్ళు అడుగంటితే మాత్రం ఎర్రరంగైనా అదే పంపు.

అందుకే కూతురు కున్‌థియా రాజధాని నామ్‌పెన్‌లో నీళ్ళు శుభ్రం చేసే చదువే చదివింది. బియ్యం మిల్లు వెనక గుట్టలుగా పడి ఉండే ఊకను తుప్పుమేకులు నానిన నీళ్ళలో వేసి, ఆరబెట్టి, నల్లగా మాడ్చి, బకెట్లో ఇసుక పొరల మధ్య పోసింది. పైన పోసిన నీళ్ళలోని విషాన్ని ఆ ఊక పట్టుకుంటుంది. కింద మంచినీళ్ళు కారతాయి. నిరుడు ఊళ్ళో డెబ్బై ఇళ్ళలో ఆ బకెట్లు పెట్టించింది. ఆ రోజు సోఖోం గుడికి వెళ్ళి మొగుడి పేరున తామరపూలు పెట్టి వచ్చింది.

ఈ పొద్దున కున్‌థియా బండి దిగింది గానీ నవ్వలేదు. పోయిన నెల లీదా గోళ్ళు కత్తిరించి పరీక్షకు పట్టుకెళ్ళింది. పిల్ల అమ్మానాన్నలు, సోఖోం కొడుకూ కోడలూ, బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తూ నగరంలోనే ఉంటారు. వాళ్ళకింకా చెప్పలేదంది.

"గోళ్ళలో విషం నిరుటికన్నా ఎక్కువుందమ్మా."

"నీ బకెట్ నీళ్ళు తప్ప చుక్క పట్టలేదే దానికి."

కున్‌థియా బకెట్ నీళ్ళు అక్కడికక్కడే పరీక్షించింది. నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. అయితే పిల్ల ఏం తింటోందని అడిగింది.

"తూటికూర, తూటికూర, మళ్ళీ తూటికూర," అంది లీదా మెట్ల మీంచి. "నేను బాతునా అత్తా?"

సోఖోం నవ్వి, కూతురి దిగులు తీరుద్దామని చెయ్యి పట్టి పెరట్లోకి తీసుకెళ్ళింది. నల్లటి మట్టిలో కూర ఏపుగా లేచి ఉంది. "చూడు, నీ ఊక నీళ్ళకే కాదు, దీనికీ అచ్చొచ్చింది."

కున్‌థియా కిందికి వంగి మట్టి వేళ్ళతో నలిపింది. "ఇది బకెట్లోదా?"

"నెలనెలా మార్చమన్నావుగా. మార్చినప్పుడల్లా ఇక్కడే కలిపాను."

"పారేయమని రాశాను కదమ్మా."

"నల్ల ఊక పారేస్తారుటే ఎవరైనా? మా అమ్మ నారుమడిలో వేసింది. వాళ్ళమ్మా వేసింది. చిన్నప్పుడు తట్టతో మోసింది నువ్వే. చదువుకున్నాక అది చెత్తయిపోయిందా?"

"నాన్నని చంపింది ఆ ఊకలో ఉందమ్మా. దాన్ని తెచ్చి నువ్వు పిల్ల కంచంలో వడ్డించావు."

సోఖోం ఎంతో నెమ్మదిగా, "ఆ ముక్క నాకెవరు చెప్పారు?" అంది.

కున్‌థియా బకెట్‌కు అంటించిన కాగితం దగ్గరకు వెళ్ళింది. ఎలా నానబెట్టాలి, ఎంతసేపు మాడ్చాలి, అన్నీ వివరంగా రాసింది. అట్టడుగున ఒక్క ముక్క: పాత ఊక పారేయాలి. ఎందుకో, ఎక్కడో రాయలేదు. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊకే మోసి కూడా, అది మడుల్లోకే పోతుందన్న సంగతి తనకు తట్టలేదు. తలెత్తి కంచె అవతలికి చూసింది. పక్కింటి మడి నల్లగా ఉంది. దాని పక్కదీ నల్లగానే ఉంది. అన్నిట్లో కూర నిగనిగలాడుతోంది.

కూతురి చూపు ఎటు పోయిందో సోఖోం కూడా చూసింది.

"పొద్దున భిక్షువు పాత్రలోనూ వేశానే. పుణ్యమనుకుని వేసింది ఇప్పుడు ఏమవుతుందమ్మా?"

కున్‌థియా తల్లి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. తప్పు తనదేనంది. సోఖోం ఆ తల నిమురుతూ ఉండిపోయింది. ఇద్దరూ పిల్ల మంచికే చేశారు. మంచికి చేసిందాన్ని ఇటు తిప్పిందెవరో ఆమెకు అర్థం కాలేదు. బుద్ధుణ్ణి అడగాలనుకుంది, అడగలేకపోయింది.

"ఊళ్ళో నేను చెబుతాను," అంది చివరికి. "నువ్వు చెబితే చదువుకున్న పిల్ల తప్పు పడుతోందనుకుంటారు. నా మనవరాలికి నేనూ పెట్టానంటే నమ్ముతారు."

ఇద్దరూ కూర పీకి, నల్లమట్టి తవ్వి తట్టకెత్తారు. లీదా సాయానికి వస్తుంటే ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు. పిల్ల మెట్టు మీద కూర్చుని, తనకేమైందో చూసుకుంటున్నట్టు అరచేతులు తిప్పి చూసుకుంది.

"దీన్ని ఎక్కడ పారబోద్దాం?" అంది సోఖోం.

ఏట్లో ఊరంతా స్నానాలు చేస్తుంది. గొయ్యి తీసి పూడ్చితే విషం మళ్ళీ బోరింగు నీళ్ళలోకే. తగలబెడితే పొగ ఎవరింట్లోకో పోతుంది.

తట్టను చెరో పక్కా పట్టుకుని తల్లీ కూతురూ పెరటి మధ్య నిలబడ్డారు. చేతులు లాగేస్తున్నాయి. దించడానికి వాళ్ళకు ఎక్కడా చోటు కనపడలేదు.