మధ్యాహ్నం మాత్రమే నడిచే మిషన్

"కడిగిన కంచాలే మళ్ళీ కడగడానికి మిషనెందుకమ్మా?"

"ఎంగిలి కంచాలు పెడితే మిషన్ మురికైపోదూ?"

రమణి తల పట్టుకుంది. వాళ్ళమ్మ భవానీదేవి ఎప్పటిలాగే కంచాలన్నీ సబ్బు పెట్టి తోమి, కడిగి, తుడిచి, అప్పుడు గిన్నెలు కడిగే మిషన్‌లో పేరుస్తోంది.

"తుడిచి కూడా పెడుతున్నావా!"

"ఫొటో స్టూడియోకి వెళ్ళేటప్పుడు నువ్వు మొహం కడుక్కుని వెళ్ళవూ? ఇదీ అంతే."

డిగ్రీలో ఫిజిక్స్ చదివిన రమణి మిగిలిన కంచాలు తనే తుడిచి అందించింది.

గ్యాస్ బావులు తవ్వడానికొచ్చిన విదేశీ ఇంజనీర్లు రాజోలులో గెస్ట్‌హౌస్ ఖాళీ చేసినప్పుడు రమణి తండ్రి త్రిమూర్తులు ఆ మిషన్‌ని వేలంలో పాడుకొచ్చాడు. వేలమనే మాట వింటే చాలు, ఆయన చెయ్యి దానంతటదే లేస్తుంది. ఆవపిండి రంగు, పాతికేళ్ళ వయసు, ముందువైపు అరచేతంత గుండ్రటి మీట, దాని చుట్టూ గీతలు. మీట తిప్పి వదిలితే లోపల టిక్ టిక్‌మంటూ అదే నెమ్మదిగా తిరుగుతుంది. నీళ్ళు పట్టడం, చిమ్మడం, బయటికి వదలడం అన్నీ ఆ మీట చెప్పినట్టే జరుగుతాయి. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ళకంటే ముందు దాన్నే చూపించేవారు.

అలాంటిది, తొంభై ఏడు డిసెంబరులో మొరాయించింది. పొద్దున్నే ఆరింటికి వేస్తే మీట మొదటి గీత దగ్గరే నిలబడిపోతోంది. గంటైనా నీళ్ళు చిమ్ముతూనే ఉంటుంది తప్ప వదలదు.

"లోపల గడియారం లాంటిదేదో ఉన్నట్టుంది. కొత్తపేటలో వాచీల జగ్గయ్యగారికి కబురు పెడతాను," అన్నాడు త్రిమూర్తులు.

జగ్గయ్య రాలేదు, సూర్యారావుని పంపిస్తానని తిరుగు కబురు చేశాడు. మధ్యాహ్నం మూడింటికి ఆయన కొడుకు సూర్యారావు వచ్చాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. చేతిలో చిన్న టిన్ను డబ్బా, జేబులో కంటికి బిగించుకునే భూతద్దం.

"సూర్యారావంటే మీరాండీ? పేరు విని ఎవరో పెద్దాయన వస్తారనుకున్నాం," అంది రమణి.

"మా తాతగారి పేరేనండి. ఆయన వాడేసుకుని నాకిచ్చేరు."

అతను మీట తిప్పాడు. టిక్ టిక్. మీట కదిలింది, రెండో గీత దాటింది, నీళ్ళు బుడబుడమంటూ బయటికి పోయాయి.

"బాగానే ఉందండి."

"పొద్దున్న లేదండి."

"ఇప్పుడుందండి."

"అంటే పొద్దున్న నేను కల కన్నానా?"

"నేనలా అన్లేదండి," అంటూ డబ్బా మూసేశాడు. కానీ వెళ్తూ వెళ్తూ మెట్ల మీద ఒకసారి వెనక్కి చూశాడు. మిషన్ వైపైతే కాదు.

మర్నాడు పొద్దున్న మీట ఆగింది. సూర్యారావు మధ్యాహ్నం వచ్చాడు. నడిచింది. మూడోరోజూ అంతే. ఆరోజు అతను భూతద్దం కంటికి బిగించి మీట అంచు చూస్తూ చూస్తూ తల పైకెత్తాడు.

"ఆ కంటితో నన్ను చూడకండి," అంది రమణి గభాల్న.

"ఏమండీ?"

"గడ్డం మీద మొటిమ లేచింది."

"అది మామూలు కంటికే కనిపిస్తోందండి."

వంటింట్లోంచి భవానీదేవి నవ్వు వినబడింది. వరండాలోంచి త్రిమూర్తులు దగ్గు వినబడింది.

సూర్యారావు వెళ్ళాక ఆయన కూతుర్ని పిలిచాడు.

"అతనొస్తే నడుస్తుంది, వెళ్తే ఆగిపోతుంది. ఆగడం చూసేదెవరంటే నువ్వొక్కదానివే. నేను తోటకెళ్తాను, మీ అమ్మ పూజలో ఉంటుంది. నన్నేమనుకోమంటావ్?"

"నేను అబద్ధం చెబుతున్నానంటారా నాన్నగారూ?"

"నేనేమీ అనను. సోమవారం మిషన్‌ని పాత ఇనుము వాడికిచ్చేస్తాను. ఆ కుర్రాడు మళ్ళీ మన గుమ్మంలోకి రానక్కర్లేదు."

రమణికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అతను వస్తే బాగుండునని తనకి అనిపించిన మాట నిజమే. అందుకే ఇంకా మంట. అతని కోసం అల్లిన అబద్ధమని మాట పడితే, ఇక తను ఏ నిజం చెప్పినా ఈ ఇంట్లో చెల్లదు.

శనివారం కొత్తపేట వెళ్ళి షాపు ముందు నిలబడింది. సూర్యారావు స్టూలు లాగి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"మా నాన్నగారు నేను కల్పిస్తున్నానంటున్నారు. మీరేమంటారు?"

సూర్యారావు నవ్వుతూ చేతిలో వాచీ బల్ల మీద పెట్టాడు. "మీరు కల్పించినా వస్తానండి."

రమణి చెవులు వేడెక్కాయి. "అలా రావద్దు. నిజం కనుక్కోవడానికైతే రండి."

బ్యాగులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఏ రోజు, ఏ వేళ, ఆగిందా నడిచిందా, అన్నీ రాసుంది. అతను వేలు పెట్టి చదివాడు. నవ్వు ఆగిపోయింది.

"బుధవారం పదిన్నరకి కూడా ఆగిందా?"

"ఆగిందండి. ఆవేళ ముసురు. ఎండే రాలేదు."

"మిగతా రోజుల్లో పదిన్నరకి?"

"నడిచింది."

ఇద్దరూ ఒకేసారి తలలెత్తారు.

"చలి," అన్నాడతను.

"చలే! మరి మీరు ఎప్పుడూ మూడింటికే వస్తారు."

"రేపు ఆరింటికి వస్తానండి. మీ నాన్నగారు గుమ్మంలో ఆపితే?"

"ఆపితే నేను ఈ కాగితం చదువుతాను. ఆయన కాగితాలకి భయపడతారు."

ఆదివారం పొద్దున్న కాలవ మీద మంచు కమ్ముకుని ఉంది. మఫ్లరు చుట్టుకుని సైకిలు మీద వచ్చాడు సూర్యారావు. త్రిమూర్తులు వరండాలో చుట్ట వెలిగించుకుంటూ చూశాడు గానీ, రమణి చేతిలో కాగితం కనబడగానే పక్కకి జరిగాడు.

"మీరూ రండి నాన్నగారూ. ఇవాళ ఆగేటప్పుడు చూసేది నేనొక్కదాన్నే కాకూడదు."

మీట తిప్పారు. టిక్ లేదు. ముగ్గురూ పది నిమిషాలు నిలబడి చూశారు. మీట మొదటి గీత దగ్గరే ఉంది.

ప్లగ్గు పీకి, నాలుగు మరలు విప్పి, సూర్యారావు మీట వెనకున్న పెట్టెని బయటికి తీశాడు. మూత తెరిచాడు. పళ్ళచక్రాల మధ్య తెల్లగా, కొవ్వొత్తి కరిగి గడ్డకట్టినట్టుంది.

"మైనమా?" అన్నాడు తనలో తనే. పుల్లతో కొంచెం తీసి రమణికి చూపించాడు. ఆమె వాసన చూసి, తండ్రి వైపు తిరిగింది.

"కొబ్బరినూనె!"

త్రిమూర్తులు చుట్ట నోట్లోంచి తీశాడు. "కార్తీకమాసంలో కిర్రుమంటోందని మీట పక్క సందులోంచి నేనే పోశాను. బండి ఇరుసుకి పోస్తాం, తలుపు బందుకి పోస్తాం. దీనికి మాత్రం పోయకూడదా? మన తోట నూనె, చుక్క కల్తీ లేదు!"

"కల్తీ లేదు కాబట్టే ఇంత బాగా గడ్డకట్టిందండి," అన్నాడు సూర్యారావు ఎంతో మర్యాదగా.

వంటింట్లో భవానీదేవి నవ్వాపుకోలేక గరిటె కింద పడేసింది.

అతను ఒక్కో చక్రాన్నీ పెట్రోలులో ముంచి, బ్రష్షుతో తోమి, ఆరబెట్టాడు. కరెంటు అందించే రాగి రేకుల చివరలు గుడ్డతో తుడిచాడు. చక్రాల ఇరుసుల కొసల్లో సూది మొనతో తలా ఒక చుక్క వాచీ నూనె. రమణి పక్కనే నిలబడి చూసింది. అంత చిన్న వాటిని కూడా అతను ఊడదీసిన వరసలోనే గుడ్డ మీద పేర్చుకున్నాడు. అది ఆమెకి నచ్చింది.

ఎనిమిదింటికి, ఇంకా ఎండ రాకముందే, మీట టిక్ టిక్‌మంటూ రెండో గీత దాటింది.

"ఇక ఆగదండి," అన్నాడు డబ్బా సర్దుకుంటూ. తర్వాత నెమ్మదిగా, ఆమెకి మాత్రమే వినబడేలా, "ఇక నాకిక్కడ పని కూడా లేదండి," అన్నాడు.

భవానీదేవి వదల్లేదు. పెసరట్టు తిని వెళ్ళమని త్రిమూర్తులు పక్కనే పీట వేసింది. నలుగురూ కూర్చున్నారు. అల్లం పచ్చడి గిన్నె చేతులు మారింది.

"నీ మీద మాట తూలేను," అన్నాడు త్రిమూర్తులు చివరికి, కంచంలోకి చూస్తూ. "నువ్వు చెప్పింది నిజమే."

"మిషన్ సంగతి నిజమే నాన్నగారూ," అంది రమణి. "మీరు అనుమానపడ్డది కూడా నిజమే. అబద్ధం చెప్పలేదు గానీ, ఈయన వస్తే బాగుండుననే అనుకున్నాను. పెళ్ళంటూ చేసుకుంటే ఈయన్నే చేసుకుంటాను. ఈయనకి ఇష్టమైతేనే."

సూర్యారావు నోట్లో పెసరట్టు ముక్క అటూ ఇటూ కాకుండా ఆగిపోయింది. త్రిమూర్తులు భార్య వైపు చూశాడు.

"ఈ అబ్బాయి అమ్మమ్మగారిది కూడా మా పుట్టింటి ఊరు ఐనవిల్లేనంటండి. మా పిన్నిని అడిగి కనుక్కున్నాను," అంది భవానీదేవి, ఆయన కంచంలో ఇంకో అట్టు వేస్తూ.

"అయితే ఇంట్లో నాకొక్కడికే తెలీదన్నమాట!" ఆయన అట్టు సగం తిని, మంచినీళ్ళు తాగి, మీసం తుడుచుకున్నాడు. "సరే. సాయంత్రం జగ్గయ్యగారింటికి వెళ్తున్నాం. ముగ్గురమూ. ఏమయ్యా సూర్యారావూ, మీ నాన్నగారు ఇంట్లోనే ఉంటారా? నీకు ఇష్టమేనా?"

సూర్యారావు ముక్క మింగాడు. రమణి వైపు చూడడానికి ధైర్యం చాలక పచ్చడి గిన్నె వైపు చూశాడు. రెండు ప్రశ్నలకీ కలిపి, తలూపుతూ ఒక్కటే జవాబు చెప్పాడు.

"ఆయ్."