గోడంత అమ్మ

ఆ ఆదివారం పొద్దున సుమతి, తన తల్లి రాత్రి తడిపిన బట్టలు ఉతికి ఆరేసి, చేతులు కడుక్కుని, అదే చేతులతో దోసెలు పోసింది. మలేసియాలో, బాగన్ దాతుక్‌ ఊళ్ళోని ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా రోజూ ఇలాగే తెల్లవారుతోంది. ఎనభై నాలుగేళ్ళ ఆ తల్లి, దేవుడమ్మకి కాళ్ళలో పట్టు లేదు. పేంపర్స్ కట్టబోతే మాత్రం చంటిపిల్లలా మోకాళ్ళు దగ్గరికి లాక్కుంటుంది. ఒంటికొస్తే చెబుతాను కదా అంటుంది. మెలకువలో ఉన్నంతసేపూ చెబుతుంది కూడా. ఈ చాకిరీలో సుమతికి ఏనాడూ అసహ్యం వెయ్యలేదు. అసహ్యమంటే ఏమిటో ఆమెకి ఆ రోజు మధ్యాహ్నం కౌలాలంపూర్లో, అత్తరు వాసన కొట్టే ఒక చల్లటి గదిలో తెలిసింది.

ఆ గదిలో జరుగుతున్నది తమ్ముడు దేవరాజన్ భార్య యింగ్ ప్రదర్శన. యింగ్‌ది తైవాన్. ఇరవై ఏళ్ళుగా వీడియోలు తీస్తోంది. సినిమాలు కావు, కథా ఉండదు. మొదట్లో తన తండ్రి ఇనప సామాన్ల కొట్టు ఆఖరిసారి మూసెయ్యడాన్ని గంటసేపు తీసింది. తర్వాత ఒక ఏడాదంతా చేపల మార్కెట్లో నేల కడగడం తీసింది. అలాంటివి ఎవరు చూస్తారో సుమతికి ఎప్పుడూ అంతుపట్టలేదు. ఆ పిల్ల మాత్రం పట్టు వదల్లేదు. తన వీడియోలు ఎవరూ అడక్కపోతే, అద్దె గదుల్లో ఇతరుల వాటికి ప్రదర్శనలు పెడుతూ నలభై ఐదేళ్ళ వయసు దాటించింది.

ఇప్పుడు తైపేలో ఒక పెద్ద మ్యూజియం తన ప్రదర్శనకి ఆమెని క్యురేటర్‌గా పిలిచింది. ఏ దేశం నుంచి ఎవరి వీడియోలు తెప్పించాలో, ఏ గదిలో ఏది ఉండాలో అన్నీ ఆమే నిర్ణయిస్తుంది. మొదటి గదిలో మాత్రం ఆమె సొంత వీడియో ఉండాలన్నారు, ఎందుకంటే ఆ పిలుపు తెచ్చిపెట్టింది ఆ వీడియోయే. అందులో ఉన్నది దేవుడమ్మ. పోయిన దీపావళి సెలవుల్లో సుమతి చేపలకని పక్క ఊరు హుటాన్ మెలింటాంగ్ వెళ్ళినప్పుడు, దేవరాజన్ కాఫీ కొట్లో స్నేహితులతో కూర్చున్నప్పుడు, యింగ్ అత్తని వరండాలో కూర్చోబెట్టి తీసింది. అత్త మాట్లాడింది తెలుగు. కోడలికి తెలుగు ముక్క రాదు.

తైపేకి పంపేముందు కౌలాలంపూర్లో చూపిస్తున్నారని, అక్కనీ తల్లినీ తీసుకెళ్ళడానికి దేవరాజన్ కారు తెచ్చాడు. తల్లి కూర్చునే సీటు మీద ప్లాస్టిక్ కాగితం పరిచి తెచ్చాడు. దేవుడమ్మ దాన్ని అరచేత్తో తడిమి చూసుకుంది. సుమతికి అక్కడే నోరు చేదయింది.

చీకటి గదిలో గోడంత ఎత్తున అమ్మ ముఖం ఉంది. ముడతలూ, బోసి నోరూ, చెంప మీద ఈగ. ఆ గొంతు గదంతా మోగుతోంది.

"సుమతీ, ఎక్కడున్నావే. ఒంటికొస్తందే. నన్ను లేపవే." ఈగ లేచి మళ్ళీ వాలింది. "ఆ పోటో పెట్టి తీసేయమను ఆ పిల్లని. సిగ్గేస్తంది." చూపు కిందికి దిగింది. "తడిసిపోనానమ్మా."

కింద ఇంగ్లీషులోనూ చైనీసులోనూ అక్షరాలు నడుస్తున్నాయి. సుమతికి ఇంగ్లీషు చదవడం వచ్చు. అమ్మ మాటలకి అర్థమని అక్కడ రాసింది ఇది: బిడ్డా, సముద్రం నాలోకి వస్తోంది. నన్ను లేపు. నా ఏళ్ళన్నీ తడిసిపోయాయి. ముందు వరసలో ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. సన్నగడ్డం పెద్దమనిషి ఒకాయన ఆహా అన్నట్టు తలాడించాడు. పక్కన చక్రాల కుర్చీలో దేవుడమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని ఒదిగిపోయింది.  సుమతికి ఆ తలాడింపుల మీద, ఆ కన్నీళ్ళ మీద కాండ్రించి ఉమ్మాలనిపించింది. కుర్చీ తోసుకుంటూ బయట వసారాలోకి వచ్చేసింది.

దేవరాజన్ వెనకే వచ్చాడు. ఇక్కడ గొడవ వద్దు అక్కా, అన్నాడు.

"ఆ రాతలు ఎవలు రాసినార్రా?"

"నేనే."

"అమ్మ ఏటన్నాదో నీకు తెలీలేదా?"

అతను నేల చూశాడు. "తెలిసినాది అక్కా. ఇన్నేళ్ళలో యింగ్‌కి ఒక్కటీ కలిసి రానేదు. ఎనిమిది నెల్లు కూసుని ఆ ముక్క ముక్కా అతికినాది. మా అమ్మ ఉచ్చ పోసుకుంతందని నా సేత్తో ఎలా రాసేది?"

"ప్లాస్టిక్ పరిసిన సెయ్యే కదరా," అంది సుమతి.

ఇంతలో యింగ్ వచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి ఏమైందని అడిగింది. దేవరాజన్ గోడ వైపు తిరిగాడు. సుమతే చెప్పింది, ఇద్దరికీ వచ్చిన మలాయ్ భాషలో, ఒక్కో మాటా. ఒంటికొస్తోందన్నది, లేపమన్నది, కెమెరా తీసెయ్యమన్నది, సిగ్గేస్తోందన్నది. వింటున్నకొద్దీ యింగ్ ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"కుర్చీ కింద తడి చూశాను, అక్కా," అంది చివరికి. "అది వరండా అంచు దాకా మెల్లగా పారింది. అందంగా ఉందనుకున్నాను. అందుకే ఆపకుండా తీశాను."

సుమతికి ఒళ్ళంతా జుగుప్స పాకింది. పాపం తెలియక చేసిందని సర్దుకుందామంటే, ఆ దారి కూడా ఈ పిల్ల తనే మూసేసింది. యింగ్‌కీ తన మీద తనకి అదే కలిగినట్టుంది. ఉన్నపళంగా లోపలికెళ్ళింది. లోపల గోడ మీది అమ్మ గొంతు మధ్యలో ఆగిపోయింది. తిరిగొచ్చి, ఇది తైపేకి వెళ్ళదు, ఇంకెక్కడా చూపించను అంది. మ్యూజియం వాళ్ళు నిన్నే వద్దంటారన్నాడు దేవరాజన్. అననీ అంది యింగ్. ఇరవై ఏళ్ళ పని చేతులారా పారబోసుకుంటున్నావు అని అతను ఇంకేదో చెప్పబోయాడు.

కొంగు వెనకాల నుంచి దేవుడమ్మ సన్నగా అంది. "సుమతీ, ఒంటికొస్తందే. నన్ను లేపవే."

సుమతి కన్నా ముందు యింగ్ కదిలింది. ఎనిమిది నెలలు ఆ మాటలనే కోస్తూ అతుకుతూ విన్నది. ఎక్కడ ఊపిరి తీస్తుందో, ఎక్కడ గొంతు వణుకుతుందో అన్నీ కంఠతా వచ్చు. అర్థం మాత్రం ఇప్పుడే తెలిసింది. పరుగున కుర్చీ అందుకుని బాత్రూం వైపు తోసింది. సుమతి బట్టల సంచీ పట్టుకుని వెంట నడిచింది.

అయినా బాత్రూం ఇంకా రెండడుగులుందనగానే దేవుడమ్మకి ఆగలేదు. యింగ్ అత్తని చంకల కింద చేతులు వేసి లేపి ఎత్తి పట్టుకుంది. ఆమె ఖరీదైన నల్ల గౌను తడిసింది, తడి బూట్లలోకి దిగింది. ఆమె కాలు వెనక్కి తియ్యలేదు. సుమతి చెబుతుంటే చీర విప్పింది, వెచ్చటి నీళ్ళతో తుడిచింది, ఆరిన లుంగీ చుట్టింది. తుడుస్తున్నంతసేపూ దేవుడమ్మ ఆమె ముఖంలోకే చూస్తూ ఉంది. చేతిలో కెమెరా లేకపోయేసరికి పోల్చుకోలేకపోయింది.

"ఎవలే ఈ పిల్ల?"

"మన దేవరాజన్ పెళ్ళామే అమ్మా. నీ కోడలు."

"మరి ఇన్నాళ్ళూ ఎక్కడుండిపోనాదే?"

యింగ్ సుమతి వైపు తిరిగి, ఏమంటోంది అని అడిగింది. చెప్పకుండా దాటెయ్యొచ్చు. మెత్తగా మార్చీ చెప్పొచ్చు. సుమతి ఒక్క క్షణం ఆగి, అమ్మ అన్నది అన్నట్టే చెప్పింది. యింగ్ తడి నేల మీదే కూర్చుని, అత్త మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. దేవుడమ్మ ఆ తల నిమురుతూ, తువ్వాలు ఇయ్యవే, పిల్ల తడిసిపోనాది అంది.