నల్ల అట్టకి నాలుగు మూలలా పసుపు

"పుర్రె ఇంకొంచెం పెద్దది చెయ్యండి."

హేమ మౌసు మీంచి చెయ్యి తీసేసింది. రాజోలు సెంటర్లో తండ్రి సూరిబాబు నడిపే శుభలేఖల ప్రెస్సులో ఆరేళ్ళుగా డిజైన్లు చేస్తోంది. కలశం పెద్దది చెయ్యమన్నవాళ్ళున్నారు, వినాయకుణ్ణి కాస్త పక్కకి జరపమన్నవాళ్ళున్నారు, పెళ్ళికొడుకు డిగ్రీని బంగారు రంగులో కొట్టమన్నవాళ్ళున్నారు. పుర్రె అడిగినవాడు మాత్రం ఇతనొక్కడే.

"ఎంత పెద్దదండీ?"

"చూస్తే భయమెయ్యాలండి."

"ఇప్పటికే వేస్తోందండీ. పొద్దున్న మా నాయనమ్మ దీన్ని చూసి దిష్టి తీయించుకుంది."

ఉదయ్‌ది ఉప్పలగుప్తం. పగలు రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేస్తాడు. సాయంత్రమైతే గిటారు పడతాడు. ముగ్గురు స్నేహితులతో కలిసి 'ఉప్పుగాలి' అని ఒక రాక్ బ్యాండు పెట్టాడు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 'తీరం దాటని తుఫాను'కి అట్ట వేయించడానికి ఈ ప్రెస్సు మెట్లెక్కి అప్పటికి నెల దాటింది. ఆ నెలలో పుర్రె వచ్చింది, పోయింది. మండే గిటారు వచ్చింది, పోయింది. రెక్కలు విప్పిన డేగ మూడు రోజులుండి పోయింది. ఇప్పుడు మళ్ళీ పుర్రె.

"లోపల సీడీ పెడతారాండీ?" అంది హేమ, ఓపిక కూడగట్టుకుని.

"సీడీ ఎవరింట్లో ఆడుతుందండీ ఇప్పుడు? పాటలు ఫోన్లోనే."

"మరి పన్నెండంగుళాల అట్ట దేనికి?"

"పాటల పుస్తకం, పోస్టరు, స్కాన్ చేస్తే ఫోన్లో పాటలు తెరుచుకునే కార్డు. అవుంటాయండి."

"అంటే రికార్డు లేని రికార్డు కవరు."

"ఆయ్."

ఆ 'ఆయ్'లో సిగ్గు లేదు సరికదా, కాస్త గర్వం కూడా ఉంది. హేమకి ఒళ్ళు మండింది.

"నవ్వకండి," అన్నాడు ఉదయ్. హేమ నవ్వనేలేదు. "కాలేజీలో ఉండగా వైజాగులో పాత సామాన్ల కొట్లో ఒక ఇంగ్లీషు బ్యాండు రికార్డు కొన్నానండి. ఆడించడానికి మా ఇంట్లో ఏమీ లేదు. రెండేళ్ళు అట్టే చూసేను. లోపలి కాగితం మీద పాటలుంటే డిక్షనరీ పెట్టుకుని చదివేను. అడుగున వాళ్ళెవరెవరికి థాంక్స్ చెప్పుకున్నారో ఆ పేర్లు కూడా నోటికొచ్చేసేయి. తీరా పాటలు విన్నరోజుకి అవి నాకెప్పుడో నచ్చేసున్నాయి. పాట చెవిన పడి పోతుందండి. ఇది నాది అని పట్టుకోడానికి చేతిలో ఏదో ఒకటుండాలి కదండీ."

ఈ మాటలు హేమకి నచ్చకూడదు. నచ్చాయి. అందుకే గొంతు ఇంకొంచెం పెంచింది.

"మీ పాటలు నేనూ విన్నాను. వాటిల్లో ఏరేటర్ చప్పుడుంది, ఉప్పు నీళ్ళున్నాయి, కరెంటు పోతే చెరువు గట్టు మీద పరిగెత్తే మనిషున్నాడు. పుర్రె ఎక్కడుందండీ?"

"పుర్రె లేకపోతే రాక్ అని ఎవరు నమ్ముతారండీ?"

"మావాళ్ళు శుభలేఖని వేళ్ళతో ఇలా తడిమి, పెళ్ళిలో భోజనాలెలా ఉంటాయో చెప్పేస్తారు. మీ పుర్రె చూస్తే ఏం వండేరనుకుంటారు?"

బయట వాన మొదలైంది. ఉదయ్ గొడుగు తెచ్చుకోలేదు కనక కూర్చున్నాడు. నెలరోజుల్లో ఏనాడూ తెచ్చుకోలేదు.

"ఇది కుదిరి తీరాలండి," అన్నాడు వాన వైపు చూస్తూ. "లేకపోతే పదిహేనో తారీకున మస్కట్."

హేమ చెయ్యి ఆగిపోయింది. "మస్కట్ ఏంటి?"

ఉదయ్ మేనమామ మాణిక్యాలరావు మస్కట్‌లో పెద్ద స్టోరుకి మేనేజరు. సెలవు మీద వచ్చాడు. వెళ్ళేటప్పుడు మేనల్లుణ్ణి వెంటబెట్టుకు పోతానంటున్నాడు. వీసా కూడా వచ్చేసింది. ఉదయ్ కాళ్ళావేళ్ళా పడితే ఒక పందెం పెట్టాడు. మూడు వందల కవర్లు వేయించు. ఆదివారం అమలాపురంలో మీ ప్రోగ్రాంలో అన్నీ అమ్ముడుపోతే, నీ పాటలకి జనం ఉన్నారని ఒప్పుకుంటాను. మిగిలేయా, నోరెత్తకుండా విమానం ఎక్కు.

"ఈ సంగతి మొదట్లోనే చెప్పొద్దా!" అని హేమ కేకలేసింది. "డేగతో మూడు రోజులు తగలేసేరే!"

అతను వెళ్ళాక స్క్రీను ముందు కూర్చుని ఆలోచించింది. అట్ట పాడైతే అతను మస్కట్ పోతాడు. బాగా కుదిరితే పని అయిపోతుంది, ఇంక రాజోలు రానక్కర్లేదు. ఎటు చూసినా ఎదుటి కుర్చీ ఖాళీయే. ఎందుకొచ్చిన గొడవ అనుకుంటూనే ఆ పూట భోజనానికి కూడా లేవకుండా అట్ట తయారుచేసింది.

మర్నాడు ఉదయ్ వచ్చేసరికి బల్ల మీద నమూనా ఉంది. అంతా నలుపు. బొమ్మ లేదు, పేరు లేదు.

"ఏదీ డిజైను?"

"చేతిలోకి తీసుకోండి. కిటికీ దగ్గరికెళ్ళి వంచండి."

వెలుగు పడేలా వంచితే నలుపు మీద నిగనిగలాడే నలుపులో సుడి కనిపించింది. టీవీలో తుఫాను హెచ్చరికప్పుడు చూపించే సుడి. శుభలేఖల మీద పెళ్ళివారి పేర్లు మెరిపించే పూతతోనే వేసింది. మధ్యలో కన్ను. ఆ కంట్లో చిన్నగా 'ఉప్పుగాలి'.

ఉదయ్ అట్టని ఇటు వంచాడు, అటు వంచాడు.

"బాగులేదా?" అంది హేమ.

"ఇది చూసేక పుర్రె గురించి మాట్లాడినందుకు నన్ను క్షమించెయ్యండి."

శనివారానికి మూడు వందలూ సిద్ధమయ్యాయి. ఆదివారం పొద్దున్న ఉదయ్ ఆటో తెచ్చాడు. హేమ కట్ట విప్పి చూసి, "నాయనమ్మా!" అని ఒక్క కేక పెట్టింది.

ప్రతి నల్ల అట్టకీ నాలుగు మూలలా పసుపు. వేలితో అద్దిన పచ్చటి పసుపు.

నాయనమ్మ బంగారమ్మ నింపాదిగా వచ్చింది. నలభై ఏళ్ళుగా ఆ ప్రెస్సు నుంచి వెళ్ళే ప్రతి శుభలేఖకీ పసుపు పెట్టేది ఆవిడే.

"ఏంటే ఆ అరుపు? అసలే నల్లటివి. పసుపు లేకుండా గుమ్మం ఎలా దాటించను?"

"ఇవి శుభలేఖలు కావే!"

"తెలుసు. ఆ అబ్బాయి దేశం కాని దేశం వెళ్ళిపోతాడంటున్నావుగా. మీ తాత సఖినేటిపల్లి రేవులో పడవెక్కినరోజు నేను అలిగి ఎదురు రాలేదు. అటునుంచటే పోయేడు. అప్పట్నించి ఈ గుమ్మం దాటేది ఏదైనా సరే, నేను ఊరుకోను."

హేమ తడిగుడ్డతో ఒకటి తుడిచి చూసింది. పసుపు సుడి మీదికంతా పాకి మరింత పాడైంది.

"మూడు వందలూ, అంటే... మొత్తం..." అని ఉదయ్ నెత్తి పట్టుకున్నాడు. "రాక్ అండి ఇది! రాక్! పేరంటం కాదు!"

"నామీద అరుస్తారేంటి? పొండి! మస్కటే పొండి!" అంది హేమ. అన్న మరుక్షణం నాలిక కరుచుకుంది.

ఇద్దరూ మాట్లాడుకోకుండానే అదే ఆటోలో అమలాపురం వెళ్ళారు.

ప్రోగ్రాం ఒక కల్యాణ మండపంలో. ముందురోజు పెళ్ళి పూలు ఇంకా తీయలేదు. వేదిక మీద డ్రమ్ముల వెనకాల 'శుభం' అన్న అక్షరాలు అలాగే ఉన్నాయి. బయట కుండపోతగా వాన. కుర్చీలు సగం నిండాయి. మొదటి వరసలో కాలు మీద కాలేసుకుని మాణిక్యాలరావు.

హేమ గుమ్మం పక్కన బల్ల వేసుకుని కవర్లు పేర్చింది. తలెత్తాలంటే భయంగా ఉంది. మొదట ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళొచ్చి ఒకటి తీసుకున్నారు. లైటు కింద వంచగానే సుడి కనిపించింది.

"అబ్బ! తుఫాను రా! మరి ఈ పసుపేంటి?"

"ఎల్లో అలర్ట్ బ్రో! నాలుగు దిక్కులా ఎల్లో అలర్ట్!"

"ఏం కాన్సెప్ట్ రా బాబూ!"

వాళ్ళ వెనకాల వచ్చిన అమ్మాయి వాసన చూసి, "నిజం పసుపే!" అంది. "చూడు, నా దానికీ నీ దానికీ వేలిముద్రలు వేరు." ఇంకొకతను నాలుగు కవర్లు తిరగేసి, మూలల్లో పసుపు బాగా దట్టంగా ఉన్నది ఏరుకున్నాడు. కొన్నవాళ్ళెవరూ కవరు సంచిలో పెట్టలేదు. గుండెలకి ఆనించుకుని నిలబడి పాటలు విన్నారు.

పాటకీ పాటకీ మధ్య దిగొచ్చాడు ఉదయ్. చెమట కారుతోంది.

"పాట ఎలా ఉందో ఒక్కడూ చెప్పడండీ! అందరూ అట్ట గురించే! ఎల్లో అలర్ట్ ఐడియా ఎలా వచ్చిందని అడుగుతుంటే ఏం చెప్పను?"

"మా నాయనమ్మని అడగమనండి," అంది హేమ కచ్చిగా.

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. పొద్దుటినుంచీ మాట్లాడుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

కానీ వాన తగ్గలేదు. రావలసినవాళ్ళు చాలామంది రాలేదు. ఆఖరి పాట అయ్యేసరికి బల్ల మీద ఇంకా ఒక కట్ట మిగిలింది. మాణిక్యాలరావు లేచి వచ్చి దానిమీద చెయ్యి వేశాడు.

"బానే పాడేవురా. కానీ మాట మాటే. మిగిలేయి కదా?"

"మిగిలేయి మావయ్యా," అన్నాడు ఉదయ్, తలొంచుకుని.

ఒక్క మాటైనా ఎదురు చెప్పని ఆ వాలకం చూసేసరికి హేమకి నెల్లాళ్ళ విసుగూ ఒక్కసారే పొంగింది.

"బాబాయ్‌గారూ, మీ ఇంట్లో పెళ్ళికి శుభలేఖలెన్ని వేయిస్తారండీ?"

మాణిక్యాలరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఏదో... ఓ అయిదొందలు."

"అన్నీ పంచేస్తారా?"

"అన్నీ ఎలా అవుతాయమ్మా? ఓ యాభై మిగుల్తాయి."

"మిగిలేయని పెళ్ళి ఆపేస్తారా?"

మండపం ఖాళీ అవుతోంది. వెళ్తున్నవాళ్ళు కూడా ఆగి చూశారు.

"ఇంత వానలో ఇంతమంది వచ్చి, తడిసిపోతూ కూడా దీన్ని చొక్కాలోపల దాచుకుని పట్టుకెళ్ళేరు. మీరు చూసేరు. చూసి కూడా మిగిలినవాటి మీదే చెయ్యి వేసేరు! ఈయనకి నోరు లేదు. పుర్రె పెద్దది చెయ్యమని నా ప్రాణం తియ్యడానికైతే ఉంటుంది, మీ ముందర ఉండదు. ఈయన్ని పంపించెయ్యడానికి వీల్లేదండీ. అంతే."

మాణిక్యాలరావు ఆ అమ్మాయిని తేరిపార చూశాడు. తర్వాత మేనల్లుణ్ణి చూశాడు.

"శుభలేఖలంటావు, పెళ్ళంటావు. ఇంతకీ ఎవరి పెళ్ళి గురించమ్మా ఇదంతా?"

హేమ మొహం జేవురించింది. గుమ్మంలోకి వాన జల్లు కొట్టింది.

"ఆవిడ ఒప్పుకుంటే మాదేనండి మావయ్యా," అన్నాడు ఉదయ్. అది అతని గొంతులా లేదు. మైకులో ఎంత గట్టిగా పాడాడో అంత నెమ్మదిగా వచ్చింది.

"నన్నిప్పటిదాకా ఎవరడిగేరండీ?" అంది హేమ.

"ఇప్పుడడుగుతున్నానండి."

"ఇలాగా? మీ మావయ్యగారి ఎదురుగానా? అడిగే పద్ధతి ఇదేనా?" అని కసిరింది. కానీ కాదనలేదు.

మాణిక్యాలరావు అప్పటికే ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"అక్కయ్యా... ఆఁ, నేనే. మీవాడు నాతో రావడం లేదు... కాదు, పాటల వల్ల కాదు. ఒకమ్మాయి... రాజోలు. శుభలేఖల ప్రెస్సు వాళ్ళు... గొంతా? ఇక్కడినుంచి నీకు ఫోను లేకుండా వినపడుతుంది... ఉండు, ఇస్తాను. జాగ్రత్తగా మాట్లాడు, నీకొక్కదానికే నోరుందనుకోకు."

ఫోను హేమ చేతిలో పెట్టాడు. నెలరోజులుగా ఉదయ్ మీదా, ఇందాక అతని మేనమామ మీదా లేచిన నోరు ఇప్పుడు పెగల్లేదు. అవతల ఎవరో "అమ్మా, అమ్మా" అంటున్నారు. ఉదయ్ గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"నమస్కారమండీ... అత్తయ్యగారూ," అంది హేమ, ఆ వానలో తనకే వినపడనంత చిన్నగా.